నాలుగు ఎర్ర చుక్కలు

“ఏంటి మామయ్యా, పొద్దున్నే గోడలు గుద్దుకుంటున్నారు?” అని నవ్వుతూ అల్లుడు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

“ఆ కుర్చీ మళ్ళీ తీసినచోటే పెట్టు బాబూ,” అని వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

మామగారి వేళ్ళు కీబోర్డు మీద అటూ ఇటూ తారాడుతున్నాయి. తెర మీద చిన్న సైనికుడు ఒకే గోడకి పదే పదే గుద్దుకుంటున్నాడు. టక్. టక్. టక్. ఇంతలో రాక్షసుడు వచ్చి వాణ్ణి మింగేశాడు. ప్రతి ఆదివారం ఇదే ఆటలో అల్లుడికి మట్టి కరిపించే మనిషి మూడు నిమిషాలు కూడా నిలవలేదు.

“నాకు అర్థమైంది లెండి. పాత డబ్బా కొత్త పెళ్ళికూతురిలా మెరిసేసరికి మీకు కళ్ళు బైర్లు కమ్మాయి,” అన్నాడు అల్లుడు.

పాత కంప్యూటర్లంటే అతనికి ప్రాణం. ముప్పై ఏళ్ళనాటిది ఏది దొరికినా సరే, విప్పి, తోమి, కొన్ననాటి రూపు తెప్పించేదాకా తిండి సయించదు. మామగారి కంప్యూటర్ పసుపుబారిపోయిందని, నిన్న ఆయనా అత్తగారూ బయటికి వెళ్ళినప్పుడు దాని పైడొప్పకి మందు పూసి ఎండలో పెట్టాడు. మీటలన్నీ ఊడదీసి సబ్బునీళ్ళలో కడిగాడు. నాలుగు మీటల మీద ఎవరో గోళ్ళరంగు ఒలకబోసినట్టు ఎర్రచుక్కలు గట్టిపడి ఉంటే, వాటిని బ్లేడుతో ఓపిగ్గా గీకేశాడు. ఇవాళ మామగారు చూసి మురిసిపోతారని రాత్రి నుంచి ఎదురుచూస్తున్నాడు.

“దీన్ని ఎవరు తోమారు?” అన్నాడు మామగారు చివరికి.

“నేనే. ఎలా ఉంది?”

“ఇక్కడ చుక్కలుండాలి.”

“ఆ మరకలా? జాడ కూడా లేకుండా తీసేశాను.”

మామగారు వంటింటి వైపు చెవి పెట్టాడు. కుళాయి కింద గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించాక గొంతు తగ్గించాడు.

“మరకలు కావు అల్లుడూ. నేను పెట్టుకున్నవి. పైకి, కిందికి, కుడికి, ఎడమకి. ఏది ఏదో వేలికి తెలియాలి కదా.”

“చూస్తే తెలుస్తుందిగా...” అనబోయి అల్లుడు ఆగిపోయాడు. మామగారి ముఖం అతనివైపే ఉంది. చూపు మాత్రం అతని చెవి పక్కగా వెళ్ళి ఎక్కడో గోడ మీద ఆగింది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి, పోయినేడు నడుంనొప్పి అని చెప్పి కొట్టు మూసేశాడు. ఆ నెలలోనే అల్లుణ్ణి పిలిచి, ఆటలో గోడ తగిలితే ఒక చప్పుడు, తలుపు వస్తే ఒక చప్పుడు, రాక్షసుడు దగ్గరైతే ఇంకో చప్పుడు పెట్టగలవా అని అడిగాడు. అల్లుడు వారంపాటు కూర్చుని ఆట లోపలి ప్రోగ్రాం మార్చాడు. పాత కంప్యూటర్ ఆటల సంఘంలో అందరికీ చూపించి, అది తన ఆలోచనేనని చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆయన ఎందుకు అడిగారని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

“ఎంతవరకు కనబడుతుంది మామయ్యా?”

“వెలుగు, నీడ. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది. ఎవరన్నది నోరు విప్పితేనే. డాక్టరు ఇంక ఇంతే అన్నాడు.”

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. కళ్ళు బైర్లు కమ్మాయని ఇందాక వేసిన హాస్యం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

“మరి అత్తయ్యకి?”

“తెలియదు. తెలియకూడదు కూడా. తెలిసిన రోజు నుంచి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, ముద్దలు కలిపి పెడుతుంది. అది నావల్ల కాదు. ఈ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో నాకు తెలుసు, అడుగు తప్పను. ఆదివారం ఆదివారం నిన్ను ఓడిస్తున్నానని వింటుంది కాబట్టి నా చూపుకి ఢోకా లేదనుకుంటోంది. ఇవాళ ఓడిపోయానని తెలిస్తే ఆరా మొదలుపెడుతుంది.”

“సాయంత్రంలోపు మళ్ళీ పెట్టేస్తాను. రంగు ఎక్కడిది?”

“పెళ్ళికి ముందు మీ ఆవిడ వదిలేసిన సీసా. లోపలి గదిలో అద్దం కింద సొరుగులో ఉండాలి. ఏం రంగో గానీ మహా గట్టిది. ఏడాదిగా రోజూ ఆడుతున్నా రవ్వంత అరగలేదు.”

అల్లుడు లోపలి గదిలోకి వెళ్ళి సొరుగు లాగాడు. దువ్వెనలు, పిన్నులు, పాత బొత్తాలు ఉన్నాయి. సీసా లేదు. ఆయనకున్న ఒక్క ముసుగునీ తన చేతులతోనే, అదీ బ్లేడు పెట్టి గీకేశాననుకుంటూ సొరుగంతా మళ్ళీ తిరగేశాడు.

“ఏం వెతుకుతున్నావు బాబూ?”

గుమ్మంలో అత్తగారు. అల్లుడు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

“ఏం లేదత్తయ్యా. స్కూటర్ మీద గీత పడింది. కాస్త గోళ్ళరంగు ఉంటే...”

ఆమె ముందుగది వైపు ఒకసారి చూసింది. తెల్లగా మెరుస్తున్న కీబోర్డు మీద మామగారి వేళ్ళు ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాయి. ఆమె తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. పుట్టి బుద్ధెరిగి గోళ్ళకి రంగు వేసుకోని మనిషి, బీరువాలో చీరల మడతల మధ్య నుంచి చిన్న ఎర్రసీసా తీసి అతని చేతిలో పెట్టింది.

“అమ్మాయి సీసా ఎప్పుడో అయిపోయింది, ఇది నేను కొన్న మూడోది. అరిగినప్పుడల్లా ఆయన స్నానానికి వెళ్ళగానే నేనే దిద్దుతుంటాను, నాకు తెలుసని మాత్రం ఆయనతో అనకు.”