ప్రస్థానపు సంచులు

మహాశివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లడం శరీరంతో చేసే జపం. మా బస్తీ హుస్సేనీ ఆలం గుడిలో పూజారిగా, యాత్రకు ముందు ఆ మహిమను ఇరవై ఏళ్లుగా నేనే చెబుతున్నాను. ఈసారి యాత్రికులందరూ ఎల్లప్ప చుట్టూ చేరారు.

"కొత్త బూట్లు కొనకుండ్రి, పాత చెప్పులే మంచిగుంటయి. దినాం ముప్పై కిలోమీటర్లు, గంతే. పదింటికల్లా నీడ పట్టాలె," అన్నాడు రైలు పట్టాలను తనిఖీ చేస్తూ నడిచే ఉద్యోగంలో రిటైరైన ఎల్లప్ప. అందరూ ఫోన్లలో రాసుకున్నారు. నా శ్లోకాలను ఎవరూ ఏనాడూ రాసుకోలేదు.

"ప్రయాణ ముహూర్తం రేపు పగలు పదకొండుకు," అన్నాను.

"గంత ఎండలనా అయ్యగారూ? కాళ్లు బొబ్బలెక్కుతయి. ముహూర్తానికి ప్రస్థానం పెడదాం. సంచులు ఇల్లు దాటించి ఇంకోరింట్ల ఉంచి, ఎల్లుండి తెల్లారి నాలుగింటికి నడుద్దాం."

"శాస్త్రం ఒప్పుకుంటదా?" అని అందరూ నన్నడిగారు.

ఒప్పుకుంటుందని నాకు తెలుసు. అయినా అసూయ నా చేత "ఒప్పుకోదు" అనిపించింది.

ఎల్లప్ప ముఖం చిన్నబోయింది. "మా ఇంటామె మాణిక్యమ్మను ఆపరేషన్‌కు తీస్కవోయేనాడు మీరే గిట్ల చెప్పిండ్రనుకున్న. నేనే తప్పు యాదుంచుకున్ననేమో. మీ మాటే ఖాయం, పదకొండింటికే పోదాం."

చెప్పింది నేనే.

"ఒప్పుకుంటుంది ఎల్లప్పా. ఇప్పుడు నేను అబద్ధమాడాను," అన్నాను అందరి ఎదుట. మర్నాడు ముహూర్తానికి అతని సంచిని నేనే మోసుకెళ్లి మా ఇంట ఉంచాను.

మా తరువాత ఈ దారిన నడిచేవారికి వేళకు నీడ దొరుకుగాక. అడిగినప్పుడు నిజం చెప్పే పెద్దలు దొరుకుదురుగాక.