ముల్లు కదిలితే చాలు

"మీటరు పనిచేయట్లేదు. ఇలా అయితే బండి నాకొద్దు," అన్నాడు పెద్దాయన.

షెడ్డులో ఉన్నవాళ్లంతా పని ఆపి తలలెత్తారు. డాక్టరుకు ఎదురు చెప్పేవాళ్లు అక్కడ అరుదు.

డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు, కార్ల మెకానిక్కు. పొడవాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజన్ మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని జబ్బేమిటో చెప్పేస్తాడు. పెట్టినవాళ్లు ఎగతాళికే పెట్టారా పేరు. అతను మాత్రం బిరుదు కిందే తీసుకున్నాడు.

పెద్దాయన పాత కారులో ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండేది. అది అరిగిపోయి పొగ కక్కుతుంటే, డాక్టరు దాన్ని దించేసి వేరే కారుది నాలుగు సిలిండర్ల ఇంజన్ ఎక్కించాడు. ఎక్కించడమంటే మాటలా? ఒకటి అమిరితే ఇంకొకటి అమరదు. నానా తంటాలు పడి స్టార్టు చేస్తే కుదురుగా, మెత్తగా తిరిగింది. డాక్టరుకు కడుపు నిండినట్టయింది.

అంత చేస్తే పెద్దాయన ఇంజన్‌కేసి కన్నెత్తి చూడలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరునే చూశాడు. దాని ముల్లు సున్నా దగ్గర పడుకునుంది.

డాక్టరుకు ఒళ్లు మండింది.

"దాంతో పనేముంది సార్? గేరు ఎప్పుడు మార్చాలో ఇంజన్ చప్పుడే చెబుతుంది. లోకమంతా అలాగే నడుపుతోంది."

"లోకం సంగతి నాకెందుకు? నాకు ముల్లు కావాలి."

ఈ బండి ఉన్నన్నాళ్లే తను ఎక్కడికి వెళ్లాలన్నా ఎవరినీ బతిమాలక్కర్లేదని, ఆ ఒక్క మీటరు బాగుచేసి పెట్టమని చెప్పి వెళ్లిపోయాడు పెద్దాయన.

ఆ మనిషి తీరే అంత. ఫోన్ చేసి కనుక్కోండి సార్ అంటే చేయడు, పనిగట్టుకుని వస్తాడు. ఎదురుగా నిలబడి మొహంలోకి చూస్తూ యక్షప్రశ్నలు వేస్తాడు. తీరా డాక్టరు బానెట్ కింద తల దూర్చి జవాబు చెబితే, ఊ అని కూడా అనడు. బాగా పొగరున్న మనిషే అనుకున్నాడు డాక్టరు.

షెడ్డులో కరెంటు పనులన్నీ డాక్టరు బామ్మర్దివి. అతను డ్యాష్‌బోర్డు కింద దూరి, కొత్త ఇంజన్ నుంచి మీటరుకు వైరు కలిపాడు. ముల్లు లేచింది. లేచింది గానీ, ఇంజన్ అంత గట్టిగా తిరుగుతున్నా రెండువేల దగ్గరే తచ్చాడుతోంది.

డాక్టరు ఒక్క నిమిషం చెవి ఒగ్గి, మూడువేలకు తక్కువుండదన్నాడు.

బామ్మర్ది అసలు సంగతి చెప్పాడు. ఆ మీటరు ఆరు సిలిండర్ల లెక్కకు పెట్టి ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు తగిలిస్తే మూడువేలను రెండువేలుగానే చూపిస్తుంది. వెనకాల చిన్న మీట ఉంటుంది, దాన్ని నాలుగు మీదకు తిప్పితే సరి. కాకపోతే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి.

"విప్పితే మళ్లీ బిగించేదెవరు, మీ అక్కా?"

"తప్పు చూపిస్తుంది కదా బావా."

"ఆయనకు ముల్లు కదిలితే చాలు. కదులుతోందిగా. ఇంజన్ గోలపెడుతుంటే ఎవడైనా గేరు మారుస్తాడు గానీ, ముల్లు చూస్తూ కూర్చుంటాడా?"

మర్నాడు పెద్దాయన వచ్చి సీట్లో కూర్చున్నాడు. యాక్సిలేటరు తొక్కితే ముల్లు పైకి లేచింది. ఆయన మొహం విప్పారింది. ఆయన నవ్వగా చూడటం డాక్టరుకు అదే మొదలు.

"సరిగ్గానే చూపిస్తోందా?"

"కళ్లు మూసుకుని నమ్మొచ్చు సార్."

పెద్దాయన డాక్టరు చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. గ్రీజు అంటుతుందన్నా వదల్లేదు. డాక్టరుకు లోపలెక్కడో చివుక్కుమంది. నిజం చెప్పేద్దామా అనుకున్నాడు. అంతలో ఇంకో బండి వచ్చి నిలబడటంతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

కొన్నాళ్లకు ఆ కారు ఒక లారీ వెనక తాడు కట్టించుకుని వచ్చింది. లారీలోంచి ఒకావిడ దిగి, పెద్దాయన కూతురినని చెప్పింది.

డాక్టరు బానెట్ ఎత్తాడు. ఇంజన్ పక్కన చిల్లు పడి, లోపలి కడ్డీ విరిగి బయటికి పొడుచుకొచ్చి ఉంది. స్క్రూడ్రైవరు పెట్టి వినడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

నాన్న ఒక్కరే కొండదారిలో వెళ్లారని, ముల్లు నాలుగువేలు దాటకుండా జాగ్రత్తగానే ఎక్కారని కూతురు చెప్పింది. మీటరులో నాలుగువేలంటే అసలు ఆరువేలు. అంతసేపు ఆరువేల మీద తిప్పితే ఏ ఇంజన్ బతుకుతుంది? డాక్టరు బానెట్ వదిలేసి ఆవిడ వైపు తిరిగాడు.

"ఆయనకేం కాలేదు కదమ్మా?"

"దెబ్బలేం తగల్లేదండీ. కానీ ఇక బండి ముట్టనన్నారు. తాళాలు నా చేతిలో పెట్టేసి, ఎక్కడికైనా వెళ్లాలంటే నువ్వే తీసుకెళ్లమ్మా అన్నారు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు."

డాక్టరు బామ్మర్దికేసి చూశాడు. బామ్మర్ది తల తిప్పుకున్నాడు. తప్పు తనదేనని తెలుస్తూనే ఉంది, అయినా డాక్టరుకు ఉక్రోషం ఆగలేదు.

"అది కాదమ్మా, అలా తిరిగితే ఇంజన్ కొండంతా మారుమోగేలా అరుస్తుంది. ఆ అరుపు విని కూడా నాన్నగారు బండి ఎందుకు ఆపలేదు?"

కూతురు ఆశ్చర్యంగా అతనికేసి చూసింది.

"అయితే మీకూ చెప్పలేదన్నమాట. చెబితే అందరూ ఆయన్ని వదిలేసి, పక్కనున్న నాతో మాట్లాడతారని ఎవరికీ చెప్పరు. నా చిన్నప్పుడే జ్వరమొచ్చి నాన్నకు రెండు చెవులూ పోయాయండీ, మాటలైతే ఎదుటివాళ్ల పెదాలు చూసి పోల్చుకుంటారు గానీ, అప్పట్నుంచీ ఆయన బండి నడిపింది ఆ ముల్లు చూసే."