శుక్రవారం సీటు

"ఒకళ్లు ఆగిపోవాలి," అంది కౌంటరులోంచి జోసెట్. "బయట గాలి లేదు. ఎండ చూస్తున్నారుగా. ఇంత బరువుతో విమానం లేవదంటున్నాడు పైలట్."

అందరూ తమ తమ సంచులు దగ్గరికి లాక్కున్నారు.

డొమినికా దీవి నుంచి బార్బడోస్ దీవికి పోయే శుక్రవారం పొద్దుటి విమానం అది. చిన్నది. కొండ మలుపుల్లో పేగులు నోట్లోకి వచ్చేలా ఊగిపోతూ ఇక్కడిదాకా చేరినవాళ్లే అందరూ. వెనక్కి పొమ్మంటే ఎవరు పోతారు?

అందరూ ఆగథ వైపు చూశారు.

ఆమె చుట్టూ చేమదుంపల బస్తాలు, మిరపకాయల బుట్టలు. వారం వారం బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్ సంతకి పట్టుకెళ్లి అమ్ముకుంటుంది.

"నన్నెందుకు చూస్తారు? నా బస్తాలు నిన్ననే ఓడలో పంపాల్సింది, ఓడవాడు తాగి పడుకున్నాడు. నేనేం చెయ్యను?"

"బస్తాలు సరే ఆగథక్కా, నువ్వొక్కదానివి దిగినా చాలు. విమానం గాలిపటంలా లేస్తుంది," అన్నాడు వెనకనించి ఒకడు.

అందరూ నవ్వారు.

"నీ నోరు దింపితే ఇంకా తేలిగ్గా లేస్తుందిరా!"

ఇంకా నవ్వారు. కానీ ఎవరూ లేవలేదు.

అప్పుడు గోడవార కూర్చున్న ముసలాయన నెమ్మదిగా లేచాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో చిన్న సంచి. పేరు ఫిల్బర్ట్.

"నేను ఆగుతాలే అమ్మాయ్."

జోసెట్ ఆయనకి ఇంకో రోజుకి టికెట్ రాసిచ్చింది. సీటు వదులుకున్నవాళ్లకి అలా ఇస్తారు. దాంతోపాటు ఒక భోజనం పొట్లం కూడా.

ఆగథ ప్రాణం కుదుటపడింది. నోరు మాత్రం ఊరుకోలేదు.

"లేచాడయ్యా మారాజు! పుణ్యానికి టికెట్టూ, పుణ్యానికి కోడికూరా. మనకి ఈ తెలివి లేకపోయింది."

ముసలాయన నవ్వాడు.

"కూర బాగుంటుంది ఆగథా. కాస్త కారం తక్కువ."

ప్రతి శుక్రవారమూ ఉండేవాడాయన. ఆగమన్న రోజు ఆగేవాడు. అవసరం పడని రోజు అందరితోపాటే ఎక్కి, కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

ఒకసారి ఆగథకి ఆయన పక్కనే సీటొచ్చింది.

"బార్బడోస్‌లో నీకెవరున్నారు పెద్దాయనా?"

"ఎవరూ లేరమ్మా."

"వ్యాపారమా?"

"నా మొహానికి వ్యాపారం కూడానా?"

"మరెందుకీ తిరుగుడు?"

"ఊరికే."

పని లేనివాడి పెత్తనాలు, అనుకుంది ఆగథ. విమానం దిగగానే తన బస్తాల వెంట పరిగెత్తింది. ఆయన ఎటు పోయాడో చూడలేదు.

వానలు మొదలయ్యాయి. కొండ జారి రోడ్డు మూసుకుపోయి, ఆగథ మూడు వారాలు సంతకి పోలేదు.

రోడ్డు తెరిచిన వారం, గురువారం సాయంత్రం బ్రిడ్జ్‌టౌన్ నుంచి ఫోను వచ్చింది. చెల్లెలు బెర్నడెట్‌ని ఆసుపత్రిలో చేర్చారు. గుండె. మర్నాడు మధ్యాహ్నం ఆపరేషను. బతుకుతుందని గట్టిగా చెప్పలేమన్నారు.

"అక్కని చూశాకే లోపలికి వెళ్తానంటోంది. తొందరగా రా," అన్నాడు మరిది.

తెల్లారగానే ఆగథ బయల్దేరింది. బస్తాల్లేవు. కట్టుబట్టలతో వచ్చింది.

"ఒక్క సీటు కూడా లేదక్కా," అంది జోసెట్. "అక్కడ క్రికెట్ మ్యాచ్ ఉంది. ఎప్పుడో నిండిపోయింది. ఇంక రేపే."

"రేపు నాకెందుకే!"

ఆగథ వరసలో ఉన్నవాళ్ల మీద పడింది.

"బాబూ, మా చెల్లెలు..."

"నిజంగా ఇచ్చేవాణ్ణే అక్కా. మ్యాచ్ ఇవాళే కదా."

"టీచరమ్మా, నువ్వైనా..."

"మా అన్న కూతురి పెళ్లి ఆగథా. నేనే దగ్గరుండి అలంకరించాలి."

అందరూ అయ్యో అన్నారు. ఒకామె మంచినీళ్లు కూడా ఇచ్చింది. తర్వాత ఒక్కొక్కళ్లూ సంచులు తీసుకుని, తల వంచుకుని, విమానం వైపు నడిచారు.

ఆగథ గిర్రున వెనక్కి తిరిగింది.

"ఆ ముసలాయనేడే? ఫిల్బర్ట్! ప్రతి వారం తయారుగా ఉంటాడు, అవసరమైనప్పుడు ఎక్కడ చచ్చాడు?"

జోసెట్ చేతిలో పని ఆగిపోయింది.

"పోయాడక్కా. పోయిన ఆదివారమే పూడ్చిపెట్టారు."

బయట విమానం పంకాలు తిరగడం మొదలైంది. ఆగథ వెళ్లి గోడవార కూర్చుంది. విమానం లేచి మబ్బుల్లో కలిసిపోయింది.

"పుణ్యానికొచ్చే టికెట్ల కోసం తిరుగుతున్నాడనుకున్నానే," అంది ఆగథ మెల్లిగా.

"మొదటి టికెట్ కొనుక్కున్నాడు. ఎక్కి వెళ్లిన వారమైతే మళ్లీ కొనేవాడు. ఆగినప్పుడు మేమిచ్చిన ప్రతి టికెట్టూ మళ్లీ శుక్రవారానికే రాయించుకునేవాడు. ఎవరూ ఆగక్కర్లేని రోజున తానే వెళ్లి, అక్కడ విమానాశ్రయం గుమ్మం కూడా దాటకుండా అదే విమానంలో తిరిగొచ్చేవాడు. వచ్చేటప్పుడైనా తన సీటు ఎవరికైనా అక్కరకొస్తుందేమోనని."

"ఎందుకే అలాగ?"

జోసెట్ కౌంటరు దాటి వచ్చి ఆగథ పక్కన కూర్చుంది.

"నాకంటే ముందు ఇక్కడ మా అమ్మ పనిచేసేది. ఒక శుక్రవారం ఆయన భార్యని మోసుకొచ్చాడట. అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్లాలని. విమానం నిండిపోయింది. ఇప్పుడు నువ్వు అడిగినట్టే ఒక్కొక్కళ్లనీ అడిగాడట అక్కా."

ఆగథ ఆమె మొహంలోకి చూసింది.

"ఆ రోజూ ఎవరూ లేవలేదట."