ఆమెన్ అనలేని ప్రార్థన

మాడు వాసన ముక్కుకు తగలగానే అబ్రహాం గుర్తుపట్టాడు. తన గారెలే.

అమెరికాలో, బాతెల్ ఊళ్లోని అతని ఇంటి హాలు నిండా ఉపవాస కూడికకు వచ్చినవాళ్లు మోకాళ్ల మీద ఉన్నారు. కిచెన్ గుమ్మం దగ్గర, నిన్నటి నుంచే ఉపవాసమున్న పాస్టర్ గారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థన చేస్తున్నది అబ్రహామే. కూడిక కాగానే అతన్ని సంఘపెద్దగా ప్రకటించాలి. ‘మావారు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు’ అని భార్య ప్రేమజ్యోతి ఇప్పటికే అందరికీ చెప్పింది. ఆకలికి ఆగలేక అతను రెండు గారెలు మైక్రోవేవ్‌లో పెట్టడం, బయట కార్లు ఆగడం ఒక్కసారే జరిగాయి. కంగారులో సున్నాలు ఎన్ని నొక్కాడో ఏమో.

ఆమెన్ అంటే అందరూ కళ్లు తెరుస్తారు. నేరుగా కిచెన్‌లోకి నడుస్తారు. అందుకే అనలేదు.

“ప్రభువా, హెచ్ వన్ వీసా లాటరీలో ఉన్న బిడ్డలను జ్ఞాపకం చేసుకో...”

“స్తోత్రం,” అన్నారు అందరూ.

“లేఆఫ్ అయినవాళ్లను, ప్రాజెక్ట్ దొరకనివాళ్లను...”

వాసన ముదిరింది.

“ఆంటీ, ఏదో మాడుతోంది,” అంది ప్రేమజ్యోతి పక్కనున్న క్రిస్టీ అనే అమ్మాయి మెల్లగా.

“అది శోధనమ్మా. కళ్లు తెరవకు,” అంది ప్రేమజ్యోతి.

ఇంకాసేపుంటే స్మోక్ అలారం మోగుతుంది, ఫైరింజన్ వస్తుంది. పదవి పోతే పోయింది, ప్రేమజ్యోతితో ఇదే ఇంట్లో ఉండాలి కదా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రార్థించడానికి ఇంకెవరు మిగిలారా అని వెతుక్కుంటూ అబ్రహాం ఫెర్రీలు నడిపేవాళ్ల దాకా వచ్చాడు.

“ప్రభువా, ఈ ఒక్కసారికి తప్పించు,” అన్నాడు చివరికి. ఆ రోజు అతని గుండెల్లోంచి వచ్చిన ప్రార్థన అదొక్కటే.

కిచెన్‌లో మైక్రోవేవ్ రొద ఆగింది. తలుపు టక్కుమంది. కాసేపటికి వాసన కూడా పలచబడింది. దేవదూతే దిగివచ్చాడనుకుని, అబ్రహాం ధైర్యంగా “ఆమెన్” అన్నాడు.

కళ్లు తెరిచి చూస్తే ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

“పాస్టర్ గారూ, మరి మావారి సంగతి అనౌన్స్ చేస్తారా అండీ?” అడిగింది ప్రేమజ్యోతి.

పాస్టర్ గారు నోరు తెరవలేదు. ఉబ్బిన బుగ్గలతో తల మాత్రం గట్టిగా ఊపారు. గడ్డానికి నల్లటి గారె పొడి అంటుకుని ఉంది.