జోలపల్లి ఏనుగు

"దీనికి ఆధారం యాడుంది పాపా?" అని అడిగింది వినుతక్క. మా జోలపల్లి గురించి వికీపీడియాలో నేను రాసిన మొదటి వ్యాసాన్ని, అక్కడ కొత్తవాళ్ల రాతలు చూసే ఆమె మా ఇంట్లో కూర్చుని సరిచూస్తోంది.

రాజుగారి ఏనుగు ఇక్కడ నిద్రపోయింది కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని రాశాను. ఆధారం చూపకపోతే వ్యాసం వెనక్కి పంపుతుందట.

"మా అవ్వే చెప్పింది," అన్నాను మెల్లగా.

రాగులు చెరుగుతున్న మునెమ్మవ్వ పకపకా నవ్వింది. "అది నేను కట్టిన కతమ్మా! చిన్నప్పుడు నువ్వు నిద్రపోకుండా ఏడుస్తా ఉంటే, అంత పెద్ద ఏనుగే పండుకునింది, నువ్వూ పండుకో అని చెప్పినాను."

అంటే అది ఊరి కథ కాదు, నా ఒక్కదాని కథ.

"అయితే తీసెయ్," అంది వినుతక్క.

"పాపం, ఏనుగు నిద్రపోతా ఉంది," అంది అవ్వ. "లేపకుండా తియ్యమ్మా."

చప్పుడు కాకుండా డిలీట్ నొక్కాను.