శేషగిరి చుట్టిన ఆరు చుట్లు

రండి, ఇటు జరగండి. వెనకాల ఆ మాటలు ఆపండి. పల్లీలు నమలడం కూడా ఆపండి, ఆ చప్పుడుకి నా కథ బెదిరి పారిపోతుంది. అదిగో, సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లో, రెండో అంతస్తులో, శేషగిరి స్క్రూడ్రైవర్ మీద తలవెంట్రుకంత తీగ చుడుతున్నాడు. ముందు అది చూడండి.

నాలుగు, ఐదు, ఆరు. ఆరు చుట్లు, ఒకదాన్నొకటి ఆనుకుని.

శేషగిరి ఓ సర్కారు ఆఫీసులో ఎలక్ట్రీషియన్. ముప్ఫై ఏళ్ళుగా మోటార్లకు కాయిల్ చుట్టిన చెయ్యి. ఆయన బాగుచేసిన ఫ్యాను స్విచ్చి ఆపినా రెండు రోజులు తిరుగుతుంది. ఆయన దగ్గుకీ అంతే పేరుంది. ఆయన దగ్గితే మార్కెట్లో హ్యాంగర్లకున్న కుర్తాలు వాటంతటవే మడతలు పడేవి.

ఆ దగ్గు చూసే భార్య సునంద సిగరెట్లు మానమంది. ఆవిడ అనుకుంటే మాన్పిస్తుంది. కంటి ఆపరేషన్‌కని శ్రీకాకుళం నుంచి వచ్చిన అత్తగారు నాగమల్లేశ్వరి చేతే మాన్పించింది మరి. ముసలావిడది అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. యాభై ఏళ్ళు అలా తాగి తాగి ఆ నోరు ఎంత మొండిదైందంటే, పొయ్యి మీంచి దింపిన టీ ఊదకుండా గటగటా తాగేస్తుంది. ఆవిడ ట్రంకుపెట్టెలోంచి చుట్టల కట్ట తీసి సునంద చెత్తబండిలో వేస్తే, "సర్లేవే" అనేసి బాల్కనీలో ఎండకి కూర్చుంది. అప్పటినుంచీ శాలువా ముక్కు దాకా లాక్కుని, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ అక్కడే.

శేషగిరి మాత్రం సరే అనలేదు. కింది ఇంటి నిరంజన్ దగ్గర ఓ పాత వేప్, అదే, బ్యాటరీతో పొగ తెప్పించే డబ్బా, సంపాదించాడు. అందులో నికోటిన్ రసాన్ని వేడిచేసి పొగ చేసే కాయిల్ మాడిపోయింది. కొత్తది కొందామంటే ఆ సరుకు అమ్మడం మన దేశంలో బందు.

"అమ్మకపోతే పోనీ, నేనే చుట్టుకుంటా," అన్నాడు శేషగిరి. "మోటారు చుట్టినవాణ్ణి, ఇదెంత?"

సునంద చపాతీ కర్ర పక్కన పెట్టింది. "అలాగా? అయితే వినండి. ఆదివారం పొద్దున్న నా ఎదురుగా దాంట్లోంచి పొగ రావాలి. వస్తే జన్మలో మీ పొగ ఊసెత్తను. రాకపోతే ఆ డబ్బా, మీ సిగరెట్లు, రెండూ చెత్తబండికే. మళ్ళీ ముట్టుకోకూడదు."

"ఠీక్ హై," అన్నాడాయన.

ఘాజియాబాద్ వెళ్ళి సన్నటి హీటరు తీగ తెచ్చాడు. గురువారం సాయంత్రం మొదటి కాయిల్ చుట్టాడు. డబ్బాకి పీల్చే వైపున్న టోపీ తీసి, తీగ రెండు కాళ్ళూ స్క్రూల కింద బిగించాడు. మీటరు పెట్టి చూశాడు, ఓముల లెక్క కుదిరింది. దూది పెట్టకముందే మీట నొక్కి చూడాలట, మధ్యలోంచి చివర్లకి సమానంగా ఎర్రబడితే చుట్టు కుదిరినట్టు. నొక్కాడు. కుంకుమపువ్వులా ఎర్రబడింది.

"చూడమ్మా, అగ్గిపుల్ల లేకుండా నిప్పు," అని తల్లికి చూపించాడు. ఆవిడ ఆపరేషన్ కన్ను చికిలించి చూసి, మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

తర్వాత దూది దూర్చి, రసం నాలుగు చుక్కలు వేసి, టోపీ పెట్టి పీల్చాడు. పొగ వచ్చింది. ఎంత పొగంటే, పాలం విమానాలు ఆ పూట ఆలస్యమయ్యాయని నిరంజన్ ఇప్పటికీ చెబుతాడు.

శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే కాయిల్ చచ్చిపోయి ఉంది. టోపీ తీసి పక్కనే పెట్టి ఉంది. దూది తడిసి ముద్దయింది. ఆరు చుట్లూ పటకారుతో నొక్కినట్టు చదునుగా ఉన్నాయి. ఆయన మళ్ళీ చుట్టాడు, మళ్ళీ పరీక్షించాడు, మళ్ళీ పొగ వచ్చింది. శనివారం మధ్యాహ్నం స్నానం చేసి వచ్చేసరికి అదే తడి, అదే చదును.

ఇక ఊరుకోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, పందెం గెలవడానికి నీళ్ళు పోస్తున్నావా అని సునందని నిలదీశాడు.

ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు. "నేను పగలగొట్టాలనుకుంటే మీ ముందే పగలగొడతా. దొంగచాటు పని నాకేం ఖర్మ?"

ఆ మాట నిజమేనని ఆయనకీ తెలుసు. అందుకే ఇంకా మండింది.

ఆదివారం పొద్దున్న సాక్షిగా నిరంజన్‌ని పిలిచాడు. అందరూ చూస్తుండగా బాల్కనీలో మూడో కాయిల్ చుట్టాడు. మీటరు సరే, ఎరుపు సరే, దూది సరే. ఇంతలో సునంద టీ అయిందంది. ఆవిడ ఎక్కడ చెయ్యి పెడుతుందోనని శేషగిరి డబ్బా అక్కడే పెట్టి తనే వంటింట్లోకి వెళ్ళి, ఆవిడని ముందు నడిపించుకుంటూ వచ్చాడు. నిరంజన్ కూడా వెనకే వెళ్ళి కప్పులు మోసుకొచ్చాడు. ఎంత లేదన్నా రెండు నిమిషాలు.

శేషగిరి డబ్బా తీసుకుని, లోపలికి చూడకుండానే టోపీ పెట్టాడు. ఛాతీ విరిచి మీట నొక్కి పీల్చాడు. చుయ్‌మంది. పొగ లేదు. టోపీ తీశాడు. తడి. చదును.

కింద చెత్తబండి గంట కొట్టింది. సునంద చెయ్యి చాపింది. మాటంటే మాటే కదా, సిగరెట్ పెట్టె ఆవిడ చేతిలో పెట్టాడు. డబ్బా మాత్రం వదల్లేదు.

"ఇస్తా. మాట మీదే ఉంటా. కానీ ఈ ఇంట్లో నా కాయిల్ మీద చెయ్యేసిందెవరో తేలేదాకా ఇది నా చేతిలోంచి కదలదు."

సునంద నిరంజన్‌ని చూసింది. నిరంజన్ టీ కప్పుని చూశాడు. అప్పుడు చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి, శాలువా కిందికి లాగి, మూతి తుడుచుకుంటూ నాగమల్లేశ్వరి అంది:

"ఒరే గిరీ, నిప్పు నోట్లో ఎట్టుకోగానే ఆరిపోతాదేట్రా ఇది?"