పంపు మోగింది

మా ఆయన క్లైడ్ చూడకుండా మిగిలిపోయినవి చూద్దామని మరిది రాయిస్ నన్ను మళ్ళీ అమెరికాలోని యూటా ఎడారికి బయల్దేరదీశాడు. పగలంతా తిరిగి, చీకటి పడ్డాక వంటగది, పడకలు ఉన్న మా ఆర్వీ బండి బయట మంట ముందు కూర్చున్నాం. ఇద్దరమే.

పోయినేడు ఇక్కడి నుంచే మా ఆయన రాతి తోరణం చూసొస్తానని ఒంటరిగా నడిచి వెళ్ళాడు. నేను నీళ్ళ సీసా అందిస్తే రాయిస్ నవ్వాడు. "అరగంట నడకకి సీసా ఎందుకన్నయ్యా? పాలపీక కూడా తగిలించమను!"

క్లైడ్ సీసాను బండి మెట్టు మీదే వదిలేశాడు. మూడో రోజు శవమై దొరికాడు. నాలుక ఎండిపోయి ఉంది.

"ఇంకా నా మీద కోపమేనా, వదినా?"

నేను నోరు తెరిచేలోగా బండిలో నీళ్ళ పంపు గుర్రుమంది. లోపల కుళాయి తిప్పితేనే అది మోగుతుంది.

"ఎక్కడో కారుతున్నట్టుంది," అన్నాడు రాయిస్.

"కారితే ఆగి ఆగి మోగుతుంది."

అది ఆగలేదు. మంట సగానికి తగ్గేదాకా మోగింది. తర్వాత నిశ్శబ్దం. తలుపు దగ్గర మెట్టు కిర్రుమంది.

రాయిస్ నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

"వెళ్ళు," అన్నాను. "దాహం తీరిందో లేదో అడిగి రా. పది అడుగులేగా. సీసా అక్కర్లేదు."